ట్యాంకు మీద చేతి గీత: అపోహలు - వాస్తవాలు

ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మొదలైంది మన చెన్నైలోనే. ఆ కంపెనీ బుల్లెట్ బండి పెట్రోలు ట్యాంకు మీద బంగారు రంగు గీతలు గీసింది కూడా ఈ ఊళ్లోనే. అవి చేత్తో గీసినవి. కొన్ని మోడళ్లకు ఇప్పటికీ చేత్తోనే గీస్తున్నారు. పాత బండ్లకు రంగులు వేసే పనిలో ఉన్న నాకు, ఆ గీత నేర్చుకోవాలని వచ్చే తెలుగు కుర్రాళ్ల నోట ఎప్పుడూ కొన్ని మాటలే వినపడతాయి.

అపోహ: "అన్నా, నా చెయ్యి వణుకుతుంది. నాకు రాదు."

వాస్తవం: వణుకు అందరి చేతికీ ఉంటుంది. ఈ పనికి వాడే బ్రష్షు పిడి పొట్టిగా, వెంట్రుకలు రెండంగుళాల దాకా పొడవుగా ఉంటాయి. ఆ వెంట్రుకలు ట్యాంకు మీద పడుకుని వెనకాలే సాగి వస్తాయి కాబట్టి చిన్న వణుకు గీతలోకి దిగదు. వేళ్లతో గీయకూడదు. చిటికెన వేలు ట్యాంకు అంచుకు ఆనించి, మణికట్టు బిగబట్టి, చెయ్యి మొత్తం భుజం నుంచి వెనక్కి లాగాలి. పెద్ద ట్యాంకు అయితే కాళ్లు కూడా కదలాలి. కళ్లు బ్రష్షు కొన మీద కాకుండా గీత వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి. భయపడి మెల్లగా లాగేవాళ్లకే గీత వంకర పోతుంది. చెన్నైలో పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో ఒక పాత ట్యాంకు కొనుక్కుని, దాని మీద గీస్తూ తుడుస్తూ ఉండండి.

అపోహ: కష్టమంతా గీయడంలోనే, రంగు కలపడానికేముంది?

వాస్తవం: నా దృష్టిలో సగం పైగా పని రంగు దగ్గరే ఉంది. నేర్చుకునేవాళ్లు ఓపిక పట్టనిది కూడా అక్కడే. నున్నటి మ్యాగజైన్ అట్ట ఒకటి తీసుకోండి. బ్రష్షును ఎనామెల్ అనే నూనె రంగులో, తర్వాత దాన్ని పలచన చేసే టర్పెంటైన్‌లో కాస్త ముంచి, ఆ అట్ట మీద ముందుకూ వెనక్కూ, రెండు వైపులా లాగుతూ ఉండండి. వెంట్రుకలన్నీ కలిసి కత్తి అంచులా పలచగా నిలబడాలి. రంగు చిక్కగా ఉంటే బ్రష్షు పట్టేస్తుంది, గీత మధ్యలో తెగుతుంది. పలచనైతే పక్కలకు పాకుతుంది, కింది రంగు కనపడుతుంది. ఏది సరైనదో అట్ట మీద లాగేటప్పుడు వేళ్లకే తెలుస్తుంది. మే నెల చెన్నై ఎండలో టర్పెంటైన్ ఆవిరైపోయి, ఇందాక సరిపోయిన రంగు కాసేపటికే బిగుసుకుంటుంది. అందుకే పొద్దున్నే గీయడం మంచిది. ప్రతి గీతకూ ముందు మళ్లీ అట్ట దగ్గరికి రావాల్సిందే.

అపోహ: ఒక్క గీత తప్పితే ట్యాంకు మొత్తం మళ్లీ పెయింట్ చేయాలి.

వాస్తవం: ఎనామెల్ తడిగా ఉండగానే టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది. కింది రంగు పూర్తిగా గట్టిపడి ఉండాలి, అంతే. ఎన్‌సీ థిన్నర్‌తో (నైట్రోసెల్యులోజ్ రంగుల్ని పలచన చేసే ఘాటైన ద్రవం) మాత్రం తుడవొద్దు, అది కింది రంగును కూడా తినేస్తుంది.

అపోహ: ట్యాంకును బాగా పాలిష్ చేసి గీస్తే గీత నున్నగా వస్తుంది.

వాస్తవం: పాలిష్‌లోని మైనం, సిలికాన్ రంగును పట్టనివ్వవు. గీతలో చిన్న చిన్న గుంటలు పడతాయి. వాటిని తీసే క్లీనర్‌తో తుడిచాకే బ్రష్షు పట్టుకోవాలి.

అపోహ: టేపు వాడేవాడు అసలైన పనివాడు కాడు.

వాస్తవం: గీతకు పక్కన దారి చూపడానికి టేపు వేసుకోవడంలో తప్పేమీ లేదు. రెండు టేపుల మధ్య రంగు నింపితే మాత్రం అంచు గట్టులా లేస్తుంది, ట్యాంకు వంపుల దగ్గర రంగు కిందికి పాకుతుంది. చేతి గీత వంపులో కొంచెం సన్నబడి మళ్లీ నిండుగా వస్తుంది. నాకు ఆ గీతే ఇష్టం.

అపోహ: గీత ఆరగానే క్లియర్ కోటు (పైన కొట్టే రంగులేని మెరుపు పొర) కొట్టేయొచ్చు.

వాస్తవం: మామూలు ఎనామెల్ మీద టూకే క్లియర్ (హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది) తడిగా పడితే గీత ముడతలు పడి లేచిపోవచ్చు. క్లియర్ వేయాలనుకుంటే హార్డెనర్ కలిపే రంగుతో గీసి, బాగా ఆరనిచ్చి, ముందు పలచటి పొరలు కొట్టాలి. క్లియర్ లేకుండా వదిలేస్తే, మూత దగ్గర పెట్రోలు ఒలికినప్పుడు వెంటనే తుడవమని బండి యజమానికి తప్పకుండా చెప్పండి.

అపోహ: ముంగిస వెంట్రుకల బ్రష్షు అయితేనే పని కుదురుతుంది.

వాస్తవం: వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని అమ్మడం నేరం. ఎవరైనా చాటుగా ఇచ్చినా తీసుకోవద్దు. సింథటిక్ బ్రష్షులతోనూ చక్కటి గీత వస్తుంది. ఏ బ్రష్షయినా పని అయ్యాక టర్పెంటైన్‌లో కడిగి, నూనె రాసి, వెంట్రుకలు తిన్నగా దువ్వి పడుకోబెట్టాలి. మళ్లీ గీసే ముందు ఆ నూనె పూర్తిగా వదిలించండి. లేకపోతే రంగు ఆరదు.