పడవకు బ్యాంకుల ఏం పని?

హనుమకొండ,
బతుకమ్మకు ముందు ఆదివారం

బిడ్డా,

ఇది నీ చెల్లెకు గూడా చదివి వినిపించు.

ఇంగ్లీషు హోంవర్కుల "పడవ బ్యాంకుకు చేరింది" అని రాసి, "తాతా, పడవకు అకౌంటు ఉంటదా?" అని ఫోన్ల అడిగితివి. నవ్వు ఆగలే గానీ, తప్పు నీది గాదు. ఇంగ్లీషోళ్లు ఏటి ఒడ్డును గూడా బ్యాంకనే అంటరు.

ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల కుటుంబాన్ని జర్మనిక్ అంటరు. అండ్ల శానా పాత మాటొకటి ఉండె. బల్లకూ, బల్లలెక్క ఎత్తుగ ఉండే గట్టుకూ అదే మూలం. గట్టు అర్థం స్కాండినేవియా దిక్కు నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. బల్ల అర్థం ఇటలీ చుట్టు తిరిగొచ్చింది. అక్కడ నాణేలు మార్చేటోళ్లు బల్ల ఏసుకొని కూసునేది. ఆ బల్లే ‘బాంకా’. దివాలా తీస్తే ‘బ్యాంక్‌రప్ట్’ అంటరు సూడు, ఇటలీ భాషల ఆ మాటకు విరిగిన బల్ల అని అర్థం!

1969ల సర్కారు 14 పెద్ద బ్యాంకులను తీసుకున్ననాడు నేను నీ అంతనే. మా ఊర్లె బ్యాంకు లేదు, సావుకారి అరుగే బ్యాంకు. మా నాయిన వడ్లమ్మి నోట్ల కట్ట పట్టుకొని ఆ అరుగెక్కెటోడు. దిగేసరికి చేతుల సగం గూడా ఉండకపోయేది.

నోట్ల కట్ట అన్న గద, ఆగు. మన మాట తక్కువదా? నోట్లకూ కట్టే, చెరువుకూ కట్టే! ఇంగ్లీషోని బ్యాంకు చేసే రెండు పనులూ మన కట్ట చేస్తనే ఉన్నది. చెరువు కట్ట నీళ్లు ఆపుతది, బ్యాంకు పైసలు ఆపుతది. తూము తీస్తే అక్కరకు పారుతయి. అప్పు ఎగ్గొట్టేటోళ్లు ఎక్కువైతే గండి పడ్తది. మరి చెరువు నిండితే ఎక్కువ నీళ్లు పొర్లిపోయేది మత్తడి, బ్యాంకుకు ఆ మత్తడి ఏదంటవా? నా పోలికకే గండి పడ్డది, ఇడిసిపెట్టు. ఈ చెరువు పోలిక పరీక్షల రాసేవు, అది నా కల్పన.

ఒక పని చెయ్యి. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ గునుగు పూలు కట్టలు కట్టేటప్పుడు పక్కన కూసో. చీర కట్టుకునుడు, ఫీజు కట్టుడు, ఇల్లు కట్టుడు, దెబ్బకు కట్టు... పొద్దుగూకి చెరువు కట్ట మీదికి పోయేదాక ఈ మాట ఎన్ని తీర్ల వినొస్తదో చేతి ఏళ్ల మీద లెక్కపెట్టు. నేను పద్నాలుగు దాక పోయి మర్చిపోయిన. నీ లెక్క కార్డు మీద రాసి పంపు.

మీ తాత