వేరుశనగ చేననుకుని దిగితే

దూరం పోయే గ్లైడరుకు ఇంజను లేదు కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు రన్‌వే అందక రైతు చేనే దిక్కవుతుంది. దాన్ని నామోషీ అనుకునే పైలట్లు లేకపోలేదు. అసలు చిక్కు అక్కడే. నామోషీ పడేవాడు పైకి లేపే వేడిగాలి ఇంకొక్కటి దొరక్కపోతుందా అని 150 మీటర్ల ఎత్తుకు దిగేదాకా వెతుకుతాడు. అప్పుడిక చేను ఎంచుకునే వ్యవధి ఉండదు.

లెక్క చూడండి. మీటరు దిగేలోపు 40 మీటర్లు ముందుకు జారే గ్లైడరు, అనంతపురం మీద 1000 మీటర్ల ఎత్తులో ఉంటే, కదలని గాలిలో ధర్మవరం దాటాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతూ, సెకనుకు 2 మీటర్లు కుంగే గాలిలో చిక్కిందా, ఆ 40 కాస్తా 10 అవుతుంది. రాప్తాడు దాటిన కాసేపటికే నేల.

అందుకే 600 మీటర్ల దగ్గర మంచి చేలున్న వైపు తిరగాలి, 450 దగ్గర ఒక చేను ఖాయం చేసుకోవాలి, 300 దగ్గర వేడిగాలి మాట మరిచి దిగాలి. ఇవి కింది నేల నుంచి ఎత్తులు. బయల్దేరిన చోట సున్నాకు పెట్టిన, ఎత్తు చూపే ఆల్టీమీటరుకు దారిలోని గుట్టల సంగతి తెలియదు.

ఇక చేను. గట్టు మీది చింతచెట్టు 15 మీటర్లుంటే, దాని మీదుగా దిగేవాడికి పొలంలో 150 మీటర్లు పోయినట్టే. కరెంటు తీగ పైనుంచి కనబడదు, స్తంభాలు వెతకాలి. బోరు షెడ్డు కనబడిందంటే దానికి లైను ఎటునుంచో వచ్చే ఉంటుంది. వాలు తెలిస్తే ఎగువకే దిగాలి, సాళ్ల వెంబడే దిగాలి. ఎర్రనేలలో రాళ్లు, కర్నూలు నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలు, వాన పడితే చక్రం దిగబడే బురద.

అనంతపురం చేలకు ఇంకో మాయ ఉంది. వేరుశనగ మోకాలు దాటదు, దిగొచ్చు. కానీ మధ్యమధ్య కంది సాళ్లుంటాయి. నవంబరుకు అవి నిలువెత్తవుతాయి, పైనుంచి మాత్రం అంతా ఒకటే పచ్చదనం. రెక్క కొస కందికి తగిలితే గ్లైడరు గిర్రున తిరిగి తోక విరుగుతుంది. ఏటవాలు ఎండలో సాళ్ల నీడలు పడితే కొంత పసిగట్టొచ్చు. నడినెత్తిన ఎండలో అదీ లేదు.

దిగాక ముందు రైతును పలకరించాలి. రెక్కలు ఊడదీసి గట్టు వెంట మోసుకెళ్లి ట్రైలరుకు ఎక్కించొచ్చు. ఆయన ఒప్పుకోకుండా జీపును చేలోకి తోలితే, గ్లైడరు కన్నా దాని చక్రాలే ఎక్కువ పైరు తొక్కుతాయి.