ఈ జడ్జిగారిని ఎవరు వేశారండీ? టెక్సాస్ ఫ్యామిలీ కోర్టులపై అపోహలు, వాస్తవాలు

డాలస్ ప్రాంతంలో విడాకులు, పిల్లల కస్టడీ కేసులు చూసే లాయరును. కొత్తగా వచ్చే తెలుగు కక్షిదారులు చాలాసార్లు కేసు కన్నా ముందు జడ్జి గురించి అడుగుతారు. "ఈ జడ్జిగారిని ఎవరు వేశారండీ?" అంటారు. "మీ పక్కింటివాళ్లు" అంటాను. పౌరసత్వం వచ్చినవారైతే "మీరే" అంటాను. నమ్మరు.

అపోహ: జడ్జి అంటే పరీక్ష రాసి, పదోన్నతి మీద వచ్చేవారు.

మన దేశంలో 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కింద, హైకోర్టు సమ్మతితో రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. టెక్సాస్‌లో ఫ్యామిలీ కోర్టు జడ్జి జిల్లా కోర్టు జడ్జి కిందే లెక్క. నాలుగేళ్ల పదవికి పార్టీ టికెట్టు మీద పోటీ చేయాలి. మార్చిలో ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక; నవంబరులో అసలు ఎన్నిక. రాష్ట్రంలో ఎనిమిదేళ్లు లాయరుగానో జడ్జిగానో పనిచేసి ఉండాలి. 2021లో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించక ముందు నాలుగేళ్లే సరిపోయేవి. ఆ ఎనిమిదేళ్లూ కుటుంబ కేసుల్లోనే గడపాలన్న నియమం మాత్రం ఇప్పటికీ లేదు. చమురు కంపెనీల ఒప్పందాలు రాసినవారు కూడా రేపు మీ బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చే కుర్చీకి పోటీ చేయవచ్చు. మధ్యలో ఖాళీ వస్తే గవర్నరు నియమిస్తారు. అలా వచ్చినవారూ తర్వాత ఓటర్ల ముందుకు వెళ్లవలసిందే.

అపోహ: బాగా పనిచేసే జడ్జి మళ్లీ గెలుస్తారు.

ఇలా అనుకునేవారిని చూస్తే ముచ్చటేస్తుంది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) 2018లో పోటీ జరిగిన 59 జడ్జి స్థానాలూ డెమొక్రాట్లకే దక్కాయి. ఓడినవారందరూ పని రానివారా? కాదు. బ్యాలెట్‌లో పైన ఉన్న అమెరికా సెనేట్ పోటీ గాలి ఎటు వీస్తే అడుగున ఉన్న జడ్జిలూ అటు కొట్టుకుపోయారు. అప్పట్లో ఒక్క మీట నొక్కితే పార్టీ మొత్తానికి ఓటు పడేది. 2020 ఎన్నికల నుంచి ఆ సౌకర్యం తీసేశారు. ఇప్పుడు బెడద మరో రకం: బ్యాలెట్ పొడవు చూసి, జడ్జిల పేర్ల దాకా రాకుండానే ముగించి ఇంటికి వెళ్తారు. మా కక్షిదారుల్లోనే ఎందరో.

అపోహ: ఎన్నికల చందా ఇస్తే మాట సాయం ఉంటుంది.

ఒక ఉగాది వేడుకలో ఓ పెద్దాయన నా కక్షిదారుడిని, ఆయన కేసు వింటున్న జడ్జికి పరిచయం చేయబోయారు. చేయి పట్టుకుని పక్కకు లాక్కొచ్చాను. నడుస్తున్న కేసు గురించి అవతలి పక్షం లేకుండా జడ్జితో మాట్లాడకూడదు. ఎంత మంచి మాటైనా సరే. చందాకు పరిమితి ఉంది: పది లక్షలు దాటిన జనాభా గల జిల్లాలో ఒక మనిషి ఒక ఎన్నికకు 5,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. అయితే చందా ఇచ్చారన్న ఒక్క కారణంతో జడ్జి కేసు నుంచి తప్పుకోవాలని లేదు. అవతలివాళ్లు ఇచ్చారని అనుమానముంటే తప్పుకోమని అర్జీ పెట్టవచ్చు. జడ్జి తప్పుకోవాలి, లేదా ఆ అర్జీని ఆ ప్రాంత కోర్టులను పర్యవేక్షించే ప్రిసైడింగ్ జడ్జికి పంపాలి. తన మీద పెట్టిన అర్జీని తానే కొట్టేయడానికి లేదు.

నిజం చెప్పాలంటే ఈ చందాలు ఇచ్చేవారిలో నాలాంటి లాయర్లే ఎక్కువ. ఆ చెక్కు రాసేటప్పుడు ఇబ్బందిగానే ఉంటుంది. మన నియామక పద్ధతే నయం అనిపిస్తుంది, అక్కడి వాయిదాలు గుర్తొచ్చేదాకా.

అపోహ: కౌంటీ జడ్జిగారు తెలుసు కాబట్టి పని అవుతుంది.

అవదు. పెద్ద కౌంటీల్లో కౌంటీ జడ్జి పని బడ్జెట్, తుఫాను సహాయం, రోడ్లు. ఆయన లాయరై ఉండనవసరం కూడా లేదు.

అపోహ: పన్నెండేళ్లు నిండితే ఎవరి దగ్గర ఉండాలో పిల్లలే తేలుస్తారు.

అర్జీ పెడితే జడ్జి తన గదిలో పిల్లవాడితో మాట్లాడాలి, అంతే. వాడి ఇష్టాన్ని వింటారు, కట్టుబడరు. కస్టడీ ఎవరికన్నది జ్యూరీకి, అంటే తీర్పు చెప్పడానికి ఎంపికైన సామాన్య పౌరుల బృందానికి, వదలమని మీరు కోరవచ్చు. అలా కోరితే ఆ ప్రశ్నపై జ్యూరీ మాటను జడ్జి తోసిపుచ్చలేరు. అమెరికాలో ఇది చాలా అరుదైన హక్కు.

అపోహ: మా కేసు వినేది ఎన్నికైన జడ్జే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. డాలస్ కౌంటీలో మీరు మొదటి వాయిదాకు వెళ్తే చాలాసార్లు బెంచి మీద ఉండేది అసోసియేట్ జడ్జి. ఆ పేరు ఏ బ్యాలెట్‌లోనూ కనపడదు. కోర్టు జడ్జే నియమించుకుంటారు. పిల్లలు ప్రస్తుతానికి ఎవరి దగ్గర, నెలకు ఎంత ఇవ్వాలి, ఇల్లు ఎవరు ఖాళీ చేయాలి అన్న తాత్కాలిక ఉత్తర్వులు ఎక్కువగా అక్కడే పుడతాయి. కేసు ముగిసే నాటికి ఆ తాత్కాలికమే అలవాటైపోయి ఉంటుంది. ఉత్తర్వు నచ్చకపోతే ఎన్నికైన జడ్జి ముందు కొత్తగా విచారణ కోరే హక్కు మీకుంది. గడువు, నోటీసు అందాక మూడు పని దినాలు. "వచ్చే వారం ఆలోచించి చెబుతానండీ" అన్నవారికి నేను చేయగలిగింది చాలా తక్కువ.