ఒక కన్ను మూస్తేనే తెలిసేది

మూడో తరగతి పిల్లను గోడమీది చార్టు ముందు నిలబెడితే గడగడా చదివేసింది. రెండు కళ్లూ తెరిచి చదివింది మరి. కుడి కన్ను చేత్తో మూసుకొమ్మంటే వేళ్ల సందుల్లోంచి తొంగిచూసింది. ఆ చెయ్యి తీయించి అట్టముక్క అడ్డం పెట్టేసరికి ఏడుపు మొహం పెట్టి, "సార్, కనబడ్తలేదు" అంది. హనుమకొండలోని బడైనా, మహబూబాబాద్ దగ్గరి తండా అయినా పిల్లల కంటి పరీక్షలో ఇలాంటి క్షణం ఒకటి వస్తుంది. ఆ పిల్ల కంట్లో ఎరుపు లేదు, నీరు కారదు, నొప్పి లేదు. ఎడమ కంటికి చూపు సరిగ్గా లేదన్న సంగతి తల్లికే కాదు, ఆ పిల్లకే అప్పటిదాకా తెలియదు.

డాక్టర్లు దీన్ని ఆంబ్లియోపియా అంటారు. వాడుకలో లేజీ ఐ. ఈ లేజీ అన్న మాట నాకు నచ్చదు, ఆ కన్ను బద్ధకించింది ఏమీ లేదు. రెండు కళ్ల పవరు వేరువేరుగా ఉన్నప్పుడో, ఒకటి మెల్లకన్ను అయినప్పుడో, పుట్టుకతో శుక్లం ఉన్నప్పుడో రెండు కళ్ల నుంచి పొంతన లేని బొమ్మలు మెదడుకు చేరతాయి. మెదడు స్పష్టమైనదాన్ని తీసుకుని రెండోదాన్ని పక్కన పెడుతుంది. నెలల తరబడి పక్కన పెడితే ఆ కన్ను పంపే కబురు చదవడమే దానికి చేతకాకుండా పోతుంది. నూరు మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఈ ఇబ్బంది ఉంటుంది.

దీని మూలం తెలియజెప్పినవారు మెదడు శాస్త్రవేత్తలు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్. 1960ల్లో వాళ్లు పిల్లికూనల ఒక కంటిరెప్పను కుట్టేసి, కొన్ని వారాల తర్వాత విప్పి చూశారు. కన్ను బాగానే ఉంది. మెదడులో చూపును అందుకునే కణాలు మాత్రం దాదాపు అన్నీ రెండో కంటి పక్షం చేరిపోయాయి. ఎదిగిన పిల్లికి అదే పని చేస్తే అలా జరగలేదు. చూపు పుట్టుకతో పూర్తిగా రాదు, చిన్ననాట నేర్చుకోవాలి అని దాంతో తేలింది. 1981లో వారికి నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మనవైపు మెల్లకన్ను అదృష్టమనే మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది. ఆ అదృష్టాన్ని నమ్మి ఊరుకున్న రెండు మూడేళ్లే అసలు చికిత్స బాగా పనిచేసే కాలం.

అక్షరాలు రాని పిల్లను పరీక్షించడమెలా? పసిపిల్ల ముందు ఒకవైపు ఉత్త బూడిదరంగు, మరోవైపు నల్లటి తెల్లటి గీతలు ఉన్న కార్డు పెడతారు. గీతలు కనిపిస్తే కళ్లు అటే పోతాయి. గీతలు సన్నబడేకొద్దీ ఎక్కడిదాకా పోతున్నాయో లెక్క. మూడేళ్లు దాటినవాళ్లకు ఫిన్లాండ్ డాక్టరు లియా హ్యువారినెన్ తయారుచేసిన నాలుగు బొమ్మలున్నాయి: ఆపిల్, ఇల్లు, గుండ్రం, చదరం. ఆపిల్‌ను జామకాయ అన్నా మార్కులు పోవు, ప్రతిసారీ అదే పేరు చెబితే చాలు. నోరు విప్పని పిల్లలు ఒడిలోని కార్డుపై అలాంటి బొమ్మను వేలితో చూపిస్తారు. ఒక్కో బొమ్మను విడిగా చూపితే గుర్తుపట్టి, వరుసలో పెడితే తడబడే పిల్ల ఉంటే అక్కడ అనుమానించాలి. మందగించిన కంటికి గుంపు పడదు. ఇంట్లో కూడా ఒక సూచన దొరుకుతుంది. ఇష్టమైన బొమ్మల టీవీ చూస్తున్నప్పుడు ఒక్కో కన్నూ మెల్లగా మూయండి. ఒకవైపు మూస్తే ఊరుకుని, రెండోవైపు మూస్తే చెయ్యి తోసేస్తోందంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

కళ్లలో చుక్కలు వేసే పరీక్షను తల్లిదండ్రులు విసుక్కుంటారు, రోజంతా మసకగా ఉంటుందని. పిల్లల కంటి కటకం ఎంత గట్టిగా ఫోకస్ చేస్తుందంటే, చుక్కలు వేయకుండా చూస్తే ప్లస్ పవరు దాచేస్తుంది. ఆ పవరు తప్పితే ఆ తర్వాతిదంతా తప్పే.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు వల్ల అద్దాలు ఊరూరా చేరాయి. మంచిదే. కానీ ఈ పిల్లల విషయంలో అద్దాలు ఇచ్చాకే పని మొదలవుతుంది. ముందు నాలుగు నెలలపాటు అద్దాలే పెట్టించి చూస్తారు. పావు వంతు మందికి దాంతోనే సరిపోతుంది. మిగతావారికి బాగా కనిపించే కన్నును పట్టీతో మూస్తారు, రెండోది పని నేర్చుకునేలా. ఒకప్పుడు రోజంతా మూసేవాళ్లు. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్లో, సమస్య ఒక మోస్తరుగా ఉన్నవారికి, రోజుకు 2 గంటలు కట్టినా 6 గంటలు కట్టినా ఫలితం ఒక్కటేనని 2003లో అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది. చార్టులో ఒక వరుస కిందికి దిగడానికి సుమారు 120 గంటల పట్టీ కావాలని ఇంగ్లండ్‌లో లెక్క కట్టారు. రోజుకు 2 గంటలంటే రెండు నెలలు. వారం కట్టి "ఏం ఫరక్ పడలే" అని మానేసిన తల్లికి ఈ లెక్క ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

ఆ 2 గంటలు ఏం చేయించాలి? పూసలు గుచ్చించండి, కచ్చకాయలు ఆడించండి, సద్దుల బతుకమ్మ నాడు తంగేడు పూలూ గునుగు పూలూ విడదీయమనండి. నిజం చెప్పాలంటే, దగ్గరి పనులు చేయించినా దూరపు ఆటలు ఆడించినా తేడా లేదని 2008లో మరో పరిశోధన చూపింది. అయినా ఈ పనుల అవసరం తగ్గదు. చెయ్యి ఖాళీగా ఉంటే ఆ చెయ్యి పట్టీ మీదికి పోతుంది. బడిలో వెక్కిరిస్తారనుకుంటే సాయంత్రం ఇంట్లో కట్టండి.

ఏడేళ్లు దాటితే ఇక లాభం లేదని చాలామంది చేతులెత్తేస్తారు. 7 నుంచి 12 ఏళ్ల వాళ్లపై 2005లో వెలువడిన ఫలితాల్లో పట్టీ, బాగున్న కన్నును మసకబార్చే చుక్కలు, దగ్గరి పనులు కలిపి చేసినవారిలో 53 శాతం మందికి చూపు రెండు వరుసలైనా మెరుగైంది. అద్దాలు మాత్రమే వాడినవారిలో ఆ సంఖ్య 25. చికిత్స ఆపాక ఏడాదిలో దాదాపు నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ వెనక్కి పోతుంది. అందుకే పట్టీని ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తారు.

కంటి వ్యాయామాల పేరుతో చాలా సరుకు అమ్ముడవుతోంది కాబట్టి రెండు మాటలు. దగ్గరికి చూసేటప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరగలేని పిల్లలుంటారు. పుస్తకం పట్టగానే తలనొప్పి, అక్షరాలు జంటగా కనిపించడం. వీరికి నిపుణుల దగ్గర 12 వారాల సాధన చేయిస్తే గుణం కనిపిస్తుంది, ఇంట్లో పెన్సిల్ ముక్కుకు దగ్గరగా జరిపే వ్యాయామం కంటే ఎక్కువగా. ఇది 2008లో రుజువైంది. కానీ ఆ సాధనతో చదివింది అర్థం చేసుకునే శక్తి ప్రత్యేకంగా పెరగదని 2019లో తేలింది. డిస్లెక్సియాను, అంటే అక్షరాలు చదవడంలో వచ్చే ఇబ్బందిని, కంటి వ్యాయామాలతో పోగొడతామన్నా, అద్దాలు మాయం చేస్తామన్నా డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఇక కన్ను బాగున్నా చూపు సరిగ్గా లేని పిల్లలు. "పుట్టంగనే ఏడ్వలే", "ఉమ్మనీరు మింగిండు" అని తల్లులు చెప్పే పిల్లల్లో, నెలలు నిండక పుట్టినవాళ్లలో ఇది ఎక్కువ. ఆక్సిజన్ అందక మెదడులో చూపు దారులు దెబ్బతింటాయి. దీన్ని సీవీఐ అంటారు, అంటే మెదడు వల్ల వచ్చే చూపు లోపం. (నెలతక్కువ పిల్లలకు కంటి వెనకపొర రెటీనా పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపే జరగాలి, అది వేరే ప్రమాదం.) కంటి డాక్టరు లోపలంతా చూసి బాగానే ఉందంటాడు. పిల్లవాడు మాత్రం తెల్ల గచ్చు మీద పడ్డ ఎర్ర బంతిని చటుక్కున అందుకుంటాడు, బొమ్మల కుప్పలో అదే బంతిని కనుక్కోలేడు. సంతలో, మేడారం జాతరలో అమ్మ పక్కనే ఉన్నా జనంలో పోల్చుకోలేక ఏడుస్తాడు, అమ్మ గొంతు వినగానే మాన్తాడు. కొందరికి చూపులో కింది సగం ఉండదు.

ఇక్కడ చార్టు ఒక్కటే చాలదు. ఏ వెలుతురులో, ఏ రంగును, ఎన్ని వస్తువుల మధ్య చూడగలుగుతున్నాడో, ఎటు తల తిప్పుతున్నాడో గమనించడమే పరీక్ష. చికిత్స కూడా ఇంట్లోదే: నల్ల దుప్పటి మీద ఒకసారికి ఒకే బొమ్మ, కదిలించి చూపడం, చూశాక తాకనివ్వడం, టీవీ ఆపేయడం, జవాబుకు తొందరపెట్టకపోవడం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. అప్పుడు ఈ గమనింపులన్నీ వాళ్లకు చెప్పండి. ఎందుకంటే గల్లీలో మోరీ దాటేటప్పుడు రోజూ అదే చోట పడే పిల్లవాణ్ని అందరూ "దుడుకోడు" అంటారు. గడప అంచుకు పసుపు పట్టీ అతికించి, మెట్టు దగ్గర ముందు కాలితో తడిమి చూడమని నేర్పితే పడడం తగ్గుతుంది. వాడికి దుడుకు ఎప్పుడూ లేదు, కాళ్ల కిందిది కనపడేది కాదంతే.