స్థిరాస్తి పెట్టుబడి: యువతలో కనిపించే అపోహలు, అసలు లెక్కలు

అపోహ: భూమి ధర పెరగడమే తప్ప తగ్గదు.

వాస్తవం: జపాన్‌లో 1991 తర్వాత నగరాల భూముల ధరలు దశాబ్దానికి పైగా పడుతూనే వచ్చాయి. అప్పటి కొనుగోలుదారులూ ఇదే మాట నమ్మారు.

అపోహ: అప్పు చేసి కొంటే లాభం రెట్టింపవుతుంది.

వాస్తవం: నష్టం కూడా అంతే వేగంగా పెరుగుతుంది. 20 శాతం సొంత సొమ్ముకు 80 శాతం అప్పు జోడించి కొన్న ఆస్తి విలువ 10 శాతం పెరిగితే, వడ్డీ, ఖర్చులు పక్కన పెట్టి చూస్తే, మీ సొమ్ము మీద 50 శాతం లాభం. అదే 10 శాతం తగ్గితే మీ సొమ్ములో సగం పోయినట్టే, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. సలహా కోసం వచ్చే యువతీయువకులు మొదటి లెక్క వేసుకునే వస్తారు. రెండోది వేసినవారు అరుదు. వాయిదాల పట్టికనూ ఒకసారి దగ్గరగా చూడాలి. 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్న ప్రతి లక్షకూ నెలసరి వాయిదా సుమారు 900. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది. మూడేళ్లలో 32 వేలకు పైగా కట్టినా, అసలులో తీరేది 6 వేల చిల్లరే. రెండు మూడేళ్లలో అమ్మేసి బయటపడదామనుకునేవారు ఈ అంకెలను చూశాకే సంతకం చేయడం మంచిది.

అపోహ: వాయిదాలను అద్దే కట్టేస్తుంది.

వాస్తవం: ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఆ ఏటి అద్దెలో 8 శాతానికి పైగా పోతుంది. ఆపైన పన్ను, బీమా, మరమ్మతులు ఉండనే ఉన్నాయి. గోడలో గొట్టం పగిలితే ప్లంబర్ కూలితో సరిపోదు. గోడ తవ్వడం, పూత, రంగు అన్నీ యజమాని ఖాతాలోనే పడతాయి. ప్రకటనల్లో ఊరించే రాబడి శాతం చాలావరకు ఇవేవీ తీసివేయకముందుది. కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడే నగదు విడిగా ఉంచుకోలేనివారిని, ఆస్తి ఎంత చవకగా వచ్చినా, కొనవద్దనే చెబుతాను.

అపోహ: పెద్ద మొత్తం లేనిదే ఈ రంగంలోకి రాలేము.

వాస్తవం: 1960లో అమెరికా చట్టంతో మొదలైన రీట్లు (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు) ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. వీటి ద్వారా అద్దెలు తెచ్చే భవనాల్లో చిన్న వాటాను షేర్ల మాదిరిగా కొనుక్కోవచ్చు, ఆదాయంలో అధిక భాగం వాటాదారులకు పంచుతారు. వడ్డీరేట్లు పెరిగినప్పుడు వీటి ధరలు తగ్గే అవకాశం లేకపోలేదు. అయితే అవసరానికి ఇల్లు అమ్మాలంటే నెలలు పట్టవచ్చు. మార్కెట్‌లో నమోదైన రీట్ యూనిట్లను, ఆనాటి ధరకు, సాధారణంగా కొద్ది రోజుల్లోనే నగదు చేసుకోవచ్చు.