కింగ్ చివరి ప్రసంగంలో బ్యాంకు మాట ఎందుకొచ్చింది

1968 ఏప్రిల్ 3 రాత్రి మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగంలో చివరి రెండు నిమిషాలు అందరికీ తెలుసు. కొండెక్కి అవతలి నేల చూశాను, మీతో పాటు నేనక్కడికి రాకపోవచ్చు అన్న మాటలవి. మర్నాడు సాయంత్రమే ఆయన్ని కాల్చి చంపారు కాబట్టి జనానికి అవే గుర్తుండిపోయాయి. అదే ప్రసంగం మధ్యలో ఆయన పక్కా డబ్బు లెక్కలు కూడా మాట్లాడాడు. ఊళ్లో పెద్ద బ్యాంకుల్లోంచి మీ డబ్బు తీసేసి ట్రై-స్టేట్ బ్యాంకులో వేసుకోండి, ఇన్సూరెన్స్ కూడా మనవాళ్ల కంపెనీల్లోనే తీసుకోండి, కోకాకోలా కొనకండి, వండర్ బ్రెడ్ కొనకండి అని పేర్లు పెట్టి మరీ చెప్పాడు. ట్రై-స్టేట్ మెంఫిస్‌లో నల్లవాళ్లు నడిపే బ్యాంకు. ఆయన ఆ ఊరు వచ్చిందే 1,300 మంది పారిశుధ్య కార్మికుల సమ్మె కోసం, చెత్త లారీలో నలిగి ఇద్దరు చనిపోయాక మొదలైన సమ్మె అది.

ఫిబ్రవరి వస్తే అమెరికాలో బ్లాక్ హిస్టరీ మంత్ జరుపుకుంటారు. చరిత్రకారుడు కార్టర్ వుడ్‌సన్ 1926లో వారం రోజుల కార్యక్రమంగా మొదలుపెట్టింది 1976కి నెల అయింది. పోస్టర్ల మీద ఎక్కువగా కనిపించేవి ఊరేగింపులు, బస్సులు, ప్రసంగాలు. 1963 వాషింగ్టన్ ఊరేగింపు అసలు పేరు ‘ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం’ అని, అందులో ఉద్యోగాలే ముందున్నాయని ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

డబ్బు గొడవ 1865 నుంచే ఉంది. బానిసత్వం మీద జరిగిన అంతర్యుద్ధం ముగుస్తుండగా, ఆ జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ తీరప్రాంత భూమిని కుటుంబానికి 40 ఎకరాల లోపు చొప్పున విడుదలైన బానిసలకు పంచమని ఆదేశమిచ్చాడు. లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఏడాది తిరగకుండానే ఆ భూమిని పాత యజమానులకే తిరిగిచ్చే ఏర్పాటు చేశాడు. భూమి పోయింది, ఇక మిగిలింది కూలి డబ్బు. దాన్ని దాచుకోవడానికి అప్పటికే ఒక బ్యాంకుంది, 1865 మార్చి 3న లింకన్ సంతకంతో పుట్టిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంక్.

దాని పాస్‌బుక్‌లో ఒక లెక్కల పట్టిక అచ్చేశారు: రోజుకి పది సెంట్లు దాస్తే ఆరు శాతం వడ్డీతో పదేళ్లకి 489 డాలర్ల 31 సెంట్లు అవుతుందని. మొన్నటిదాకా తన ఒళ్లే తనది కాని మనిషికి ఆ పట్టిక ఎంత ఆశ పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు రిజిస్టర్లో భార్య, పిల్లలు, తోబుట్టువుల పేర్లతో పాటు ఒక్కోసారి పాత యజమాని పేరు, తోట పేరు కూడా రాసుకునేవారు. అమ్ముడుపోయి చెట్టుకొకరు పుట్టకొకరుగా పోయిన తమ పూర్వీకుల ఆచూకీ కోసం ఇప్పటికీ జనం ఆ రిజిస్టర్లు వెతుకుతున్నారు. బ్యాంకు 37 శాఖల దాకా పెరిగింది. ఇది సర్కారు బ్యాంకే, మన డబ్బుకి ఢోకా లేదని జనం నమ్మారు, ఏజెంట్లు కూడా ఆ నమ్మకాన్ని పెంచారు, కానీ ప్రభుత్వ పూచీ అంటూ ఏదీ లేదు.

1870లో చట్టం సవరించి ఆస్తుల మీద అప్పులివ్వడానికి దారి తెరిచారు. బ్యాంకు ఫైనాన్స్ కమిటీలో చక్రం తిప్పింది హెన్రీ కుక్, అప్పట్లో పేరుమోసిన బ్యాంకర్ జే కుక్‌కి స్వయానా తమ్ముడు. చాకలి పని చేసుకునేవాళ్ల డిపాజిట్లు వాషింగ్టన్ పెద్దమనుషులకి అప్పులుగా వెళ్లాయి. 1873లో జే కుక్ కంపెనీ దివాలా తీసింది, దాంతో దేశమంతా సంక్షోభం. 1874 మార్చిలో ఒకప్పటి బానిస, నల్లవాళ్ల పెద్ద నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ని తెచ్చి బ్యాంకు అధ్యక్షుణ్ణి చేశారు, ఆయన మంచిపేరు చూసైనా జనం నిలబడతారని. పాపం ఆయన సొంత డబ్బు పది వేల డాలర్లు కూడా పోశాడు. జూన్ చివరికల్లా బ్యాంకు మూతపడింది. 61 వేల మందికి పైగా డిపాజిటర్ల డబ్బు, దాదాపు 30 లక్షల డాలర్లు, ఇరుక్కుపోయింది. కొందరికి ఏళ్లు గడిచాక కొంత వచ్చింది, చాలామందికి పైసా రాలేదు. ‘వాళ్లకి పొదుపు అలవాటు లేదు’ అని తీర్పులిచ్చేవాళ్లు, మనవాళ్లలోనూ ఉన్నారు, ముందు ఈ చరిత్ర చదవాలి.

ఇంత దెబ్బ తిన్నాక కూడా మళ్లీ బ్యాంకు పెట్టిన మనుషులున్నారు. వాళ్లలో నాకు బాగా నచ్చేది వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరానికి చెందిన మ్యాగీ లీనా వాకర్. తల్లి ఒకప్పుడు బానిస, తర్వాత బట్టలుతికి ఇల్లు నడిపింది. ఉతికిన మూటలు తెల్లవాళ్ల ఇళ్లకి మోసింది ఈ పిల్లే. జబ్బుకీ చావుకీ ఆదుకునే సెయింట్ ల్యూక్ అనే సహాయ సంఘం పగ్గాలు 1899లో ఆవిడ చేతికొచ్చేసరికి ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు, అప్పులు అంతకు ఎన్నో రెట్లు. 1901లో సభ్యుల ముందు పెట్టిన ప్లాన్ సూటిగా ఉంది: మనకో పత్రిక, మనకో బ్యాంకు, మనకో దుకాణం. మరుసటి ఏడాది పత్రిక వచ్చింది. 1903 నవంబర్‌లో సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ తెరిచారు, మొదటి రోజు ఒకరు 31 సెంట్లతో ఖాతా తెరిచింది. పిల్లలకి చిన్న అట్టపెట్టెలిచ్చి, అందులో డాలర్ పోగయ్యాక తెస్తే ఖాతా తెరిచేవారు. బట్టల కొట్టు 1905లో పెడితే తెల్ల వ్యాపారులు ఏకమై హోల్‌సేలర్లని సరుకివ్వొద్దని ఒత్తిడి చేశారు, కొన్నేళ్లకి కొట్టు మూసేయాల్సి వచ్చింది. బ్యాంకు మాత్రం నిలబడింది. 1920 నాటికి 600 పైచిలుకు ఇళ్లు ఆ బ్యాంకు అప్పులతో కొనుక్కున్నారు. ఎన్నో బ్యాంకులు కుప్పకూలిన మాంద్యాన్ని కూడా, 1930–31లో మరో రెండు బ్యాంకులతో కలిసి, తట్టుకుంది.

అన్నిచోట్లా ఇలా సాగలేదు. ఓక్లహోమాలోని టల్సాలో గ్రీన్‌వుడ్ అనే కళకళలాడే నల్లవాళ్ల పేటని 1921లో తెల్ల మూకలు రెండు రోజుల్లో తగలబెట్టాయి, 35 బ్లాకులు బూడిదయ్యాయి, ఇన్సూరెన్స్ కంపెనీలు అల్లర్ల నిబంధన చూపించి చేతులెత్తేశాయి.

మంటల కంటే పెద్ద నష్టం కాగితాల మీద జరిగిందని నా అభిప్రాయం. 1930లలో ఫెడరల్ సంస్థలు నగరాల మ్యాపులు గీసి నల్లవాళ్లుండే పేటలకి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని, ఎర్ర రంగు పూశాయి, 1934 తర్వాత వచ్చిన ప్రభుత్వ గ్యారంటీ హోమ్‌లోన్లు ఆ పేటలకి దాదాపు అందనేలేదు. తెల్ల కుటుంబాలకి ఆస్తి కూడింది ఆ లోన్లతోనే. చాలా కాలనీల దస్తావేజుల్లో ఆసియావాళ్లకి కూడా అమ్మకూడదని రాసుండేది. కింగ్ హత్య జరిగిన వారానికి సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం వల్ల ఇళ్ల అమ్మకంలో ఆ వివక్ష నేరుగా నిషేధమైంది. ఈరోజు వర్జీనియాలోనో టెక్సాస్‌లోనో గృహప్రవేశం చేసుకునే మన తెలుగువాళ్లకి, మనవాళ్లకి అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టంలాగే, ఇది కూడా ఆ ఉద్యమం పుణ్యమే.

కింగ్ తలపెట్టిన పేదల ఉద్యమం ఆయన పోయాక వాషింగ్టన్‌లో గుడారాలేసి, వానల్లో బురదల్లో ఆరు వారాలు నడిచి జూన్‌లో చెదిరిపోయింది. ఆ తర్వాత పేదరికం తగ్గలేదని కాదు. 1959లో నల్లవాళ్లలో 55 శాతం పేదలు, 2022లో 17.1 శాతం. కానీ ఆ లెక్క ఏడాది ఆదాయానిది. ఆస్తి చూస్తే, 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో మధ్యస్థ తెల్ల కుటుంబం దగ్గర 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబం దగ్గర 44,900.

రిచ్‌మండ్‌లో మ్యాగీ వాకర్ ఉన్న జాక్సన్ వార్డ్ పేట మధ్యలోంచి 1950లలో హైవే వేసి ఎన్నో ఇళ్లు పడగొట్టారు. ఆవిడ బ్యాంకు నష్టాల్లో పడి 2005లో వేరే సంస్థ చేతికెళ్లింది. లీ స్ట్రీట్‌లో ఆవిడ ఇల్లు మాత్రం నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటోంది, రిచ్‌మండ్ దగ్గర్లో ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించొచ్చు.