రైలు టికెట్ల కోసం పుట్టిన పడవ పందెం

2025 జూన్‌లో అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వడానికి దారి తెరుచుకుంది. దీంతో పాతకాలం మీద బెంగ మళ్లీ మొదలైంది. ఒకప్పుడు కుర్రాళ్లు కాలేజీ పేరు కోసమే ఆడేవారని, డబ్బు వచ్చాకే అంతా పాడైందని అంటున్నారు. కుర్రాళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. డబ్బు విషయంలో మాత్రం కాదు.

అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి ఆటల పోటీ హార్వర్డ్, యేల్ పడవ పందెం. 1852 ఆగస్టు 3న న్యూహాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సులో జరిగింది. దాన్ని తలపెట్టింది ఆ కాలేజీలు కావు. జేమ్స్ ఎల్కిన్స్ అనే రైల్వే అధికారి యేల్ విద్యార్థి జేమ్స్ వైటన్‌ను కలిసి, మీరు పందెం పెట్టుకుంటే ఖర్చంతా మాదేనన్నాడు. సరస్సు దాకా వాళ్ల రైలుమార్గం ఉంది. పందెం చూడ్డానికి జనం వస్తే టికెట్లు అమ్ముడవుతాయి.

కుర్రాళ్లకు ఆ లెక్కలతో పని లేదు. వాళ్లకది ఉచితంగా దొరికిన సెలవుల సరదా. చేతులు బొబ్బలెక్కుతాయని హార్వర్డ్ జట్టు సాధన కూడా కొద్దిసార్లే చేసిందట. అయినా ఒనైడా అనే తమ పడవలో వాళ్లే గెలిచారు. బహుమతి, వెండి తొడిగిన నల్ల వాల్‌నట్ తెడ్ల జత.

అంత ఉత్సాహం ఎక్కడిదో తెలియాలంటే అప్పటి కాలేజీ రోజు ఎలా ఉండేదో చూడాలి. తెల్లవారగానే గంట, తప్పనిసరి ప్రార్థన, ఆ తర్వాత కంఠతా పట్టిన పాఠాన్ని మాస్టారి ముందు అప్పజెప్పడం. ఒకే ఏడాది చేరినవాళ్లంతా నాలుగేళ్లూ కలిసే చదివేవారు కాబట్టి, అసలు పోటీ మొదట్లో కాలేజీ లోపలే ఉండేది. కొత్తగా చేరినవాళ్లకూ రెండో ఏడాది వాళ్లకూ మధ్య ఫుట్‌బాల్ పేరుతో ఏటా తన్నులాట జరిగేది. 1860లో హార్వర్డ్ అధ్యాపకులు దాన్ని నిషేధించారు. ఆ పౌరుషం ఊరు దాటి మరో కాలేజీ మీదికి మళ్లడానికి రైళ్లు తోడయ్యాయి.

ఆ రోజుల్లో నాకు బాగా నచ్చేది 1858 నాటి ఒక చిన్న ముచ్చట. పోటీలో చాలా పడవలుంటే ఒడ్డున ఉన్నవాళ్లు తమ జట్టును పోల్చుకునేదెలా? హార్వర్డ్ జట్టులోని చార్లెస్ ఎలియట్, బెంజమిన్ క్రౌనిన్‌షీల్డ్ ఎర్ర పట్టు రుమాళ్లు కొని తెచ్చి తమవాళ్లందరికీ పంచారు. హార్వర్డ్ ఎరుపు రంగు కథ అక్కడే మొదలైంది. ఆ ఎలియటే 1869లో హార్వర్డ్ అధ్యక్షుడై 40 ఏళ్లు పనిచేశాడు, ఒకరినొకరు ఢీకొంటూ ఆడే అమెరికా ఫుట్‌బాల్ ముదిరిన తీరు చూసి దానికి గట్టి విరోధి అయ్యాడు.

ఎవరు ఆడొచ్చు, ఎవరు ఆడకూడదన్న తగువు కూడా కొత్తది కాదు. 1855లో జరిగిన రెండో పందెంలోనే, చదువు ముగించుకుని వెళ్లిపోయిన వ్యక్తి హార్వర్డ్ పడవకు చుక్కాని పట్టాడు. 1905 నాటికి యేల్ ఫుట్‌బాల్ కెప్టెన్‌కు సిగరెట్ల అమ్మకం మీద కమీషన్ అందేదని పత్రికలు బయటపెట్టాయి. అదే ఏడాది ఫుట్‌బాల్ మైదానాల్లో చావులు చూసి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. మరుసటేడాది పుట్టిన సంఘమే తర్వాత ఎన్‌సీఏఏ, అంటే అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంఘం, అయింది. జీతం తీసుకోకుండా ఆడాలన్న నియమానికి చాలాకాలం అదే కాపలాదారుగా ఉంది.

ఆ నియమం ఎవరిని కాపాడిందన్న ప్రశ్నకు రే డెన్నిసన్ అనే ఆటగాడి సంగతి చూస్తే చాలు. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ ఎ అండ్ ఎం కాలేజీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చినట్టే తనకూ పరిహారం ఇవ్వాలని భార్య కోరింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదంటూ 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది.